రౌటర్ సెట్టింగ్స్ ఎవరి చేతిలో ఉన్నాయి?

సంఘం ఆఫీసులోనైనా, స్టడీ సర్కిల్‌లోనైనా ఇంటర్నెట్‌ను నడిపించేది మూలన ఉండే చిన్న రౌటర్. కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై పేరు, ప్రింటర్‌కు కేటాయించిన అడ్రస్ అన్నీ దాని లోపలే ఉంటాయి. కరెంటు పోయి వస్తే అవి చెదరవు. కానీ రీసెట్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వాటిని మళ్లీ పెట్టడం ఒక్కరికే తెలిస్తే, ఆ ఒక్కరు అందుబాటులో లేని రోజు అందరి పనీ ఆగిపోతుంది. అది స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు కావచ్చు, బాధితుల కాగితాలు లాయరుకు పంపాల్సిన రోజు కావచ్చు.

దీనికి మందు బ్యాకప్. ముందుగా రౌటర్ కింద అంటించిన స్టిక్కర్ చూడాలి. చాలావాటిలో అడ్రస్ 192.168.0.1 లేదా 192.168.1.1 అని ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లాలి. సిస్టమ్ టూల్స్ లేదా అడ్మినిస్ట్రేషన్ వంటి విభాగంలో బ్యాకప్, రిస్టోర్ అనే మాటలు కనిపిస్తాయి. బ్యాకప్ నొక్కితే ఒక చిన్న ఫైలు దిగుతుంది. దాని పేరులో రౌటర్ మోడల్, తేదీ చేర్చుకుంటే తర్వాత తికమక ఉండదు.

రిస్టోర్ చేసేటప్పుడు కంప్యూటర్‌ను కేబుల్‌తోనే కలపాలి, వైఫై మధ్యలో తెగిపోతుంది. రీసెట్ అయిన రౌటర్‌లోకి స్టిక్కర్ మీది వివరాలతో వెళ్లి, దాచిన ఫైలును ఎక్కించాలి. రౌటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. అప్పటిదాకా ప్లగ్ తీయకూడదు. ఒక మోడల్ ఫైలు సాధారణంగా మరో మోడల్‌కు పనికిరాదు. అందుకే ముఖ్యమైన వివరాలను కాగితం మీద కూడా రాసి బీరువాలో పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆ ఫైలు మన తాళాల గుత్తి. ఉదాహరణకు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే రౌటర్ బ్యాకప్‌ను విప్పితే వైఫై పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మన నెట్‌వర్క్‌లోకి చొరబడాలని చూసేవాళ్లకు అది చాలు. కాబట్టి ఆ ఫైలును వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. సెవెన్‌జిప్ వంటి సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పెట్టి రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, ఇద్దరు బాధ్యుల దగ్గర ఉంచాలి.

ఎవరైనా ఆఫీసు బాధ్యతల నుంచి తప్పుకున్నప్పుడు పాస్‌వర్డ్‌లు మార్చడం మామూలే. మార్చిన వెంటనే కొత్త బ్యాకప్ తీసుకుని పాతదాన్ని చెరిపేయాలి. లేదంటే ఎప్పుడో పాత ఫైలు ఎక్కించినప్పుడు పాత పాస్‌వర్డ్‌లే తిరిగి వస్తాయి.

సెట్టింగ్స్ సంస్థవి, ఏ ఒక్క మనిషివీ కావు. అందుకే మేం చెప్పేది ఒకటే: తీరికున్న ఒక ఆదివారం, ఇంతవరకు రౌటర్ ముట్టుకోని ఇద్దరు విద్యార్థుల చేత బ్యాకప్, రిస్టోర్ రెండూ చేయించండి. పక్కన నిలబడి చూడండి, మౌస్ మాత్రం వాళ్ల చేతిలోనే ఉండాలి.