ఒక చెవి మాత్రమే మందగిస్తే

రెండు చెవులూ మందగిస్తే వయసు మీదపడిందనుకుంటాం. ఒక చెవి మాత్రమే మందగిస్తే? "గులిమి పట్టిందేమోలే" అని ఊరుకుంటాం. పొరపాటు అక్కడే జరుగుతుంది.

కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాలకు డబ్బింగ్ చెప్పే ఒక అమ్మాయిని ఊహించుకోండి. గొంతుతో పాటు చెవి కూడా ఆమెకు అన్నం పెడుతుంది. ఎడమచెవికి ఫోను పెట్టుకుంటే గొంతు వినపడుతుంది గాని మాట తెలియదు. రాత్రిళ్ళు ఆ చెవిలో హోరు. నడుస్తూంటే కాస్త తూలు. ఇవి వినికిడి నరం దగ్గర గడ్డకు గుర్తులు కావచ్చు. నిజానికి ఆ గడ్డ పుట్టేది వినికిడి నరాన్ని ఆనుకుని, మనల్ని తూలకుండా నిలిపే నరం పొరలో. అరుదైన జబ్బే. కాన్సరు కాదు, ఒళ్ళంతా పాకదు. కాని పెద్దదైతే ముఖానికి వెళ్ళే నరాన్నీ, మెదడునూ నొక్కుతుంది. పోయిన వినికిడి తిరిగి రావడం కూడా కష్టం.

"హోమియో వాడితే కోత లేకుండా కరుగుతుందట" అని ఎవరో చెబుతారు. కోతంటే భయం ఎవరికుండదు? 1796లో హానిమన్ మొదలుపెట్టిన ఈ వైద్యం మన ఇళ్ళకు కొత్తదేం కాదు. రామంతపూర్‌లో, గుడివాడలో ప్రభుత్వ కళాశాలలే ఉన్నాయి. అయినా ఈ గడ్డను ఆ మాత్రలు కరిగిస్తాయనడానికి నమ్మదగిన రుజువు లేదు. 30 పొటెన్సీ అంటే మందును నూరోవంతు చొప్పున 30 సార్లు పలచన చేయడం. 12 సార్లు దాటేసరికే అసలు మందు ఒక్క అణువైనా మిగలడం అనుమానం. హోమియో ఫలానా జబ్బుకు పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఏదీ కనబడలేదని 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి తేల్చింది.

మరి "నేను వాడాను, గడ్డ పెరగలేదు" అనేవారు అబద్ధమాడుతున్నారా? లేదండీ. ఈ గడ్డలు చాలావరకు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే పెరుగుతాయి. కొన్ని ఏళ్ళ తరబడి అసలు పెరగవు. తనంతట తాను ఆగిన గడ్డకు మాత్ర పేరు కొట్టేస్తుంది.

అందుకే డాక్టర్లు కూడా చిన్న గడ్డను వెంటనే కోయరు. కొన్ని నెలలకో ఏడాదికో ఒకసారి స్కానింగు తీసి కనిపెట్టి చూస్తారు. పెరుగుతూంటే గామా నైఫ్ వంటి కిరణ చికిత్సో, ఆపరేషనో చెబుతారు. మాత్రలు మింగి ఊరుకోవడానికీ, కనిపెట్టి ఉండడానికీ ఎంత తేడా ఉందో చూడండి!

కాబట్టి ముందు చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష, ఆయన చెబితే ఎమ్మారై. కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఉన్నట్టుండి చెవి వినపడకపోతే ఆ రోజే వెళ్ళండి. హోమియో మీద నమ్మకం ఉంటే మీ ఇష్టం, స్కానింగు మాత్రం మానకండి.

ఇవాళ ఫోను వచ్చినప్పుడు ఒక్కసారి చెవి మార్చి వినండి. రెండు చెవులకూ మాట ఒకేలా తెలుస్తోందా?