అప్పు చేరని గడపకు ఉపాధి బాట

పేదరిక నిర్మూలన పథకాలు అందరికంటే అట్టడుగున ఉన్నవారి దాకా చేరకపోవడం దక్షిణాసియా దేశాలన్నింటా కనిపించే అనుభవమే. పొదుపు సంఘంలో చేరాలంటే క్రమం తప్పక ఎంతో కొంత కట్టాలి. కట్టలేని మహిళ చేరడానికి వెనుకాడుతుంది; చేరతానన్నా తోటి సభ్యులు పూచీ పడేందుకు జంకుతారు. సెంటు భూమి లేక, నాట్లకూ కోతలకూ మాత్రమే కూలి దొరికే కుటుంబం మిగిలిన నెలలు అర్ధాకలితో గడపవలసిందే. ఇంట్లో ఒకరు మంచాన పడితే ఉన్న ఒక్క మేకా సంతకు పోతుంది. ఇటువంటి ఇళ్లకు నిలకడైన ఉపాధి చూపడమెలా?

బంగ్లాదేశ్‌లోని బ్రాక్ సంస్థ 2002లో ఇందుకొక మార్గం ఎంచుకుంది. కటిక పేదలెవరో గుర్తించే పనిలో గ్రామస్థులనే భాగస్వాములను చేసింది. అప్పుకు బదులు ఆవునో మేకలనో ఉచితంగా ఇచ్చింది. ఆదాయం మొదలయ్యేలోగా వాటిని అమ్ముకోవలసిన అగత్యం రాకుండా కొంతకాలం భృతి చెల్లించింది. పశుపోషణ నేర్పి, పొదుపు అలవాటు చేసి, రెండేళ్లపాటు కార్యకర్తలను ఇళ్లకు పంపింది. పశువు, తిండి, శిక్షణ, ధైర్యం - వీటిలో ఏ ఒక్కటి కొరవడినా మిగిలినవి నిష్ఫలమవుతాయన్నదే ఈ విధానానికి మూలసూత్రం.

ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. బంగ్లాదేశ్‌లోని 1,309 గ్రామాలలో జరిపిన అధ్యయనం 2017లో ప్రచురితమైంది. నాలుగేళ్ల తరువాత లబ్ధిదారుల ఆర్జన 21 శాతం పెరిగిందని, పాచిపనులు, వ్యవసాయ కూలి తగ్గించుకుని వారు పశుపోషణ వైపు మళ్లారని అందులో తేలింది. భారత్, పాకిస్తాన్ సహా ఆరు దేశాల ఫలితాలు 2015లో వెలువడ్డాయి. పశ్చిమ బెంగాల్‌లో పదేళ్ల తరువాత కూడా మేలు నిలిచే ఉన్నట్లు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరుల పరిశీలన వెల్లడించింది.

అయితే అన్నిచోట్లా ఇదే పాచిక పారలేదు. అప్పటి ఉమ్మడి మెదక్ జిల్లాలో 2007లో ఆరంభమైన ఇటువంటి పథకం నికరంగా మేలు చేసిన దాఖలా లేదని జొనాథన్ మోర్డక్, షమికా రవి, జొనాథన్ బాషే తేల్చారు. పశువులు అందుకున్నవారు కూలికి వెళ్లడం తగ్గించుకున్నారు. పాడి మీద వచ్చింది కాస్తా కూలి మీద పోయినదానికి సరిపోయింది. కూలి గిట్టుబాటుగా దొరికే చోట గేదె ఒక్కటే తరణోపాయం కాదన్నది ఈ అనుభవం నేర్పిన పాఠం.

బీహార్ ప్రభుత్వం 2018లో సతత్ జీవికోపార్జన్ యోజనను చేపట్టింది. 2016లో మద్యనిషేధం విధించడంతో సారా, కల్లు వృత్తులపై బతికిన కుటుంబాలు జీవనాధారం కోల్పోయాయి. వారితోపాటు ఇతర నిరుపేదలనూ ఈ పథకం పరిధిలోకి తెచ్చారు. మహిళా సంఘాల ద్వారా గుర్తించిన ఇళ్లకు మేకలతోపాటు చిల్లర దుకాణాల వంటివీ ఏర్పాటు చేశారు. ఎవరి చేతికి ఏ పని తగునో చూసి ఎంపిక చేయడం ఇందులో మెచ్చదగిన అంశం.

ఇటువంటి కార్యక్రమాలు ఖర్చుతో కూడుకున్నవి. ఒక్కొక్క గడపకు నెలల తరబడి తిరిగే సిబ్బందికి జీతాలివ్వాలి. పశువులను పంచి ఫొటోలతో సరిపెట్టడం తేలిక. అది ఈనే దాకా ఆ ఇంటికి తోడుండటమే కష్టం. స్థానికంగా దొరికే కూలి ఎంత, సరుకుకు గిరాకీ ఉందా, జబ్బు చేస్తే ఆదుకునేదెవరు అన్నవి ముందే తేల్చుకోకుండా వెచ్చించే ధనం బూడిదలో పోసిన పన్నీరే అవుతుంది.