పదిమంది పీల్చు గాలి

2000 సంవత్సరమునకు పూర్వము రైలుబండిలో సామాన్య తరగతి పెట్టెలందు ప్రయాణము చేసిన వారికి ఈ దృశ్యము సుపరిచితము. పలాస నుండి విశాఖపట్టణమునకు పోవు పాసింజరు బండి. నలుగురు కూర్చుండవలసిన బల్లపై ఆరుగురు ఇరుకుకొని కూర్చుండిరి. బండి కదలినది. నడివయస్కుడగు ప్రయాణికుడొకడు రొంటినుండి బీడీకట్ట తీసి, ప్రక్కవానిని చూచి, "బాబూ, అగ్గిపెట్టె ఉన్నదా?" అని యడిగెను. ప్రక్కవాడిచ్చెను. పుల్ల వెలిగినది. ఎదుటి బల్లపై నొక యువతి ఆరు నెలల బిడ్డను ఒడిలో నుంచుకొని కూర్చుండియుండెను. ఆమె నోరు మెదపలేదు. బిడ్డ ముఖముపై పమిటచెంగు కప్పి, కిటికీ వైపునకు జరుగబోయెను. జరుగుటకు చోటు లేదు. బిడ్డ దగ్గెను. బీడీ ముగియువరకు ఆ పెట్టెలో ఎవ్వరును మాటాడలేదు.

ఆ ప్రయాణికుడు దుర్మార్గుడు కాడు. తరువాతి స్టేషనులో తానే దిగి, ఆ తల్లి మరచెంబును నీటితో నింపి తెచ్చి ఇచ్చినను ఇచ్చియుండును. తాను చేసినది తప్పని అతనికి తోచలేదు. ఎవ్వరును వలదనలేదు గదా! ఈ "వలదనలేదు గదా" అను మాటలోనే చిక్కంతయు ఉన్నది.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు వర్తకుల వెంట సముద్రము దాటి ఇచటికి వచ్చినది. వచ్చిన పిదప తెలుగునేల దానిని ఆదరముతో సాకినది. గుంటూరు, ప్రకాశము, గోదావరి మండలములలో అది ముఖ్యమైన వాణిజ్యపు పంట అయినది. దానిని గూర్చి పరిశోధించుటకు 1947లో రాజమహేంద్రవరమున కేంద్రసంస్థ యొకటి వెలసినది. 1976లో గుంటూరున పొగాకు బోర్డు ఏర్పడినది. పంట యున్నచోట అలవాటు లేకుండునా? రచ్చబండ మీదను, వీధి అరుగుల మీదను, పొలము గట్లమీదను చుట్ట పొగ లేచెను. ఉత్తరాంధ్ర తీరమున కొందరు స్త్రీలు నిప్పు గల కొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్చు వింత అలవాటును సయితము నేర్చిరి. దానిని అడ్డపొగ యందురు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో గిరీశముతో పాటు అతని చుట్టయు తెలుగువారికి గుర్తుండిపోయినది.

ఇంతగా అల్లుకొనిన అలవాటునకు కొన్ని మర్యాదలును ఏర్పడినవి. వానిలో ముఖ్యమైనది, పెద్దల యెదుట చిన్నవారు పొగత్రాగరాదనునది. మామగారు వీధి మలుపున కనబడగానే అల్లుడు కాలుచున్న చుట్టను వెనుకకు దాచును. గురువు వచ్చుచుండిన, శిష్యుడు బీడీని కాలిక్రింద వేసి నలిపి, ఏమియు ఎరుగనివానివలె చేతులు కట్టుకొని నిలుచును. దాచుటలో చేయి కాల్చుకొనిన అల్లుళ్లును లేకపోలేదు. ఇది మంచి మర్యాదయే. కాని ఇది ఎల్లప్పుడును క్రిందినుండి పైకే పోయెను. పైనుండి క్రిందికి ఎన్నడును దిగలేదు. తాతగారు మనుమని తొడపై కూర్చుండబెట్టుకొని చుట్ట కాల్చును. చుట్ట వెలిగించుటకు వంటయింటి పొయ్యిలోని నిప్పు తెమ్మని ఆ మనుమనినే పంపును. అందెవ్వరికిని అమర్యాద కనబడలేదు. వయస్సునకు గౌరవము చూపుటయే మర్యాద యని వారెరుగుదురు. పొగ వలన ఎవరికి ఎక్కువ కీడు కలుగునో వారెరుగరు. దానిని మొదట నిశ్చయముగా తెలిపినది శాస్త్రము. అదియు మిక్కిలి ఆలస్యముగా తెలిపినది.

కాలుచున్న బీడీ లేక సిగరెట్టు నుండి రెండు విధములైన పొగలు వెలువడును. పీల్చువాడు లోనికి తీసికొని, మరల బయటకు విడుచునది ఒకటి. దమ్మునకు దమ్మునకు నడుమ, వ్రేళ్లసందున ఊరక కాలుచుండిన కొననుండి లేచునది రెండవది. చూచువారు మొదటి దానినే పొగయని తలతురు, నోటినుండి మేఘమువలె వెడలునది అదియే కనుక. నిజమునకు సిగరెట్టు కాల్చిన గదిలో నిండు పొగలో నూటికి సుమారు 85 పాళ్లు రెండవ విధమైనదే. అది పీల్చువాని ఊపిరితిత్తులలో గాని, సిగరెట్టు చివరి జల్లెడలో గాని వడపోయబడక నేరుగా గాలిలో కలియును. పీల్చునపుడు కొన ఎఱ్ఱగా మండును. ఊరకున్నపుడు తక్కువ వేడిమిలో సగము సగముగా కాలును. పూర్తిగా కాలని పదార్థము నుండి కొన్ని విషములు మరింత అధికముగా పుట్టును. కావున పొగత్రాగువాడు చేయి చాచి, తన సిగరెట్టును తనకు దూరముగా పట్టుకొనినచో, ఆ ఘాటైన భాగము ప్రక్కవానికి దగ్గరయగును. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనములు కలవు. వానిలో సుమారు 70 క్యాన్సరు వ్యాధిని కలిగించునవి.

తాను త్రాగకయే ఇతరుల పొగవలన మనుష్యుడు వ్యాధిగ్రస్తుడగునా యను ప్రశ్నకు జపాను దేశమున హిరయామ అను శాస్త్రజ్ఞుడు సమాధానము వెదకెను. అతడు 40 ఏండ్లు దాటిన వివాహిత స్త్రీలలో పొగత్రాగని 91,540 మంది వివరములను సేకరించి, 1966 మొదలు 1979 వరకు 14 సంవత్సరములు వారి ఆరోగ్యమును గమనించెను. ఆ స్త్రీల భర్తలలో కొందరు పొగత్రాగువారు, కొందరు కారు. భర్త కాల్చు సిగరెట్ల సంఖ్య హెచ్చిన కొలది భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చుటయు హెచ్చినట్లు తేలెను. ఈ ఫలితము 1981లో ప్రకటింపబడగానే పొగాకు వ్యాపారులు దానిపై గొప్ప దుమారము లేపిరి. కాని తరువాతి పరిశోధనలు దానిని బలపరచినవే గాని త్రోసివేయలేదు. 1986లో అమెరికా ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి నివేదిక మరియొక సంగతిని చెప్పెను: ఒకే గాలి ఆడు గదిలో పొగత్రాగువారిని ఒక మూలను, త్రాగనివారిని మరియొక మూలను కూర్చుండబెట్టిన, పొగ తగ్గునేమో గాని పోదు. గాలికి మూలలు తెలియవు.

పసిబిడ్డల సంగతి మరింత దయనీయము. వారు పెద్దలకంటె వేగముగా ఊపిరి తీయుదురు. వారి ఊపిరితిత్తులు ఇంకను ఎదుగుచుండును. పొగ నిండిన ఇండ్లలో పెరుగు పిల్లలకు ఉబ్బసము, ఊపిరితిత్తుల వాపు, చెవిపోటు తరచుగా కలుగును. అన్నిటికంటె ముఖ్యమైనది, వారు లేచి వేరొకచోటికి పోజాలరు. వలదని చెప్పుటకు వారికి మాటయు రాదు.

"కిటికీ ప్రక్కనే గదా కాల్చుచున్నాను" అను సమాధానము రైలులో తరచుగా వినవచ్చెడిది. బండి వేగముగా పోవునపుడు ఒక కిటికీనుండి వెడలిన పొగ వెనుక కిటికీలలోనికి వచ్చును. త్రాగువానికి అది కనబడదు, అంతే. మరుగుదొడ్డిలో దూరి తలుపు వేసికొనువారును కలరు. 2023 ఆగస్టు 9న తిరుపతి నుండి సికిందరాబాదునకు పోవు వందే భారత్ బండిలో టికెట్టు లేని ప్రయాణికుడొకడు అట్లే చేసెను. పొగను కనిపెట్టు యంత్రము దానిని అగ్నిప్రమాదముగా భావించి గంట మ్రోగించెను. మంటలార్పు పొడి వెదజల్లబడెను. బండి నెల్లూరు మండలమున మనుబోలు వద్ద నిలిచిపోయెను. ఏమి జరిగినదో తెలియక ప్రయాణికులు భయకంపితులైరి. ఒక్కని ముచ్చటకై బండెడు జనము పట్టాలపై నిలువవలసి వచ్చినది.

ఆనాడు నిప్పు లేకయే పొగ కనబడినది. నిజముగా నిప్పు పుట్టిన సందర్భము లండను నగరమున కలదు. అచట భూమిలోపల నడచు రైళ్లలో 1984లోను, లోపలి స్టేషన్లలో 1985లోను పొగత్రాగుట నిషేధింపబడినది. అయినను అనేకులు ఎస్కలేటరు అనబడు కదలెడు మెట్లపై నిలిచి పైకి వచ్చుచు, "ఎట్లును బయటకే పోవుచున్నాము గదా" యని సిగరెట్టు వెలిగించెడివారు. 1987 నవంబరు 18 సాయంకాలము కింగ్స్ క్రాస్ స్టేషనులో అట్లు వెలిగించి పారవేసిన అగ్గిపుల్ల యొకటి కొయ్యమెట్ల సందునుండి క్రింద పడినది. మెట్ల క్రింద ఏండ్ల తరబడి పేరుకొనిన జిడ్డును దుమ్మును ఉండెను. మొదట చిన్న మంటగా కనబడినది కొలది నిమిషములలో టికెట్లమ్ము హాలునంతటిని చుట్టుముట్టెను. 31 మంది మరణించిరి. వారిలో ప్రయాణికులను కాపాడుటకు దిగిన అగ్నిమాపకాధికారియు ఒకడు. ఆ పుల్లను వెలిగించినవాడు, బహుశః, ఇంటికి పోయి భోజనము చేయుచుండెనేమో!

మన దేశపు చట్టము ఈ విషయమున నడచిన త్రోవ గమనింపదగినది. 1989 నాటి రైల్వే చట్టము 167వ సెక్షనులో, పెట్టెలోని మరియొక ప్రయాణికుడు అభ్యంతరము చెప్పినచో పొగత్రాగరాదని యున్నది. ఏదేని బండిలో గాని, బండిలోని కొంత భాగమున గాని పూర్తిగా నిషేధించు అధికారము రైల్వేవారికి అందు కలదు. కాని సామాన్యముగా మొదటి మాట పలుకవలసిన భారము కష్టపడువాని మీదనే పడినది. పలాస బండిలోని ఆ తల్లికి చట్టము హక్కు నిచ్చినది, నోరు విప్పినచో. క్రొత్తవారి నడుమ, ఒంటరిగా, తండ్రి వయస్సు వానిని పట్టుకొని "ఆర్పివేయుము" అనుట ఆమెకు సాధ్యమా? ఆమె మౌనమును అంగీకారముగా లెక్కించుట న్యాయమా?

1999 జులై 12న కేరళ ఉన్నత న్యాయస్థానము బహిరంగస్థలములలో పొగత్రాగుట చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినది. 2001 నవంబరు 2న సుప్రీం కోర్టు ఆస్పత్రులు, విద్యాలయములు, గ్రంథాలయములు, న్యాయస్థానములు, ప్రభుత్వ కార్యాలయములు, ప్రేక్షకశాలలు, రైళ్లతో సహా ప్రజావాహనములు మొదలగు చోట్ల దానిని నిషేధింపుమని ఆజ్ఞాపించెను. పొగత్రాగనివాడు ఇతరుల పొగవలన ప్రాణహాని నేల పొందవలెను అనునదే అందలి ప్రశ్న. 2003లో పార్లమెంటు చట్టము చేసెను. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, దాని నియమములు దేశమంతట అమలులోనికి వచ్చినవి. 2003 చట్టములో జరిమానా 200 రూపాయల వరకే. పెద్ద మొత్తము కాదు. అందు పెద్దది వేరొకటి కలదు. ఎవరేని అభ్యంతరము చెప్పవలెనను షరతు అందు లేదు. తల్లి నోరు విప్పనక్కరలేదు. పొగ లేకుండుటయే అచట సహజస్థితి. రైలుస్టేషన్లు, బస్సు నిలయములు, క్రీడారంగములు ఆరుబయట నున్నను నిషేధము వానికిని వర్తించును. ద్వారమున 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల పలక నుంచవలెను. ఫిర్యాదు స్వీకరించు ఉద్యోగి పేరును కనబడునట్లు వ్రాయవలెను. ఈ రెండవ పనిలో మాత్రము పెక్కుచోట్ల బద్ధకము కనబడును.

పొగత్రాగువానిని దొంగను చూచినట్లు చూచుట తగదు. పొగాకులోని నికోటిను మనుష్యుని కట్టిపడవేయును. మానవలెనని తలచియు మానలేని వారు అసంఖ్యాకులు. పది మందిలో కేకలు వేసిన, అవమానముచే ఆర్పివేయువారికంటె మంకుపట్టు పట్టువారే ఎక్కువ. బస్సులో ఎవరేని వెలిగించినచో, కండక్టరుతో చెప్పుట ఒక మార్గము. "అయ్యా, ఇక్కడ చంటిపాప ఉన్నదండీ" అని నెమ్మదిగా కారణము చూపుట మరియొకటి. చట్టము పేరెత్తినప్పటికంటె బిడ్డను చూపినపుడే ఎక్కువ చేతులు క్రిందికి దిగును. ఇక త్రాగక తప్పనివాడు జనము లేనిచోటికి పోవలెను. గాలి ఎటు వీచుచున్నదో చూడవలెను. పీకను పూర్తిగా ఆర్పి పారవేయవలెను. ఎండుగడ్డి వాము ప్రక్క విసరిన బీడీ ముక్క ఏమి చేయునో పల్లెలలో ఎరుగనివారు లేరు.

ఇండ్లకు ఈ చట్టము రాదు. అచట మాటాడవలసినది ఇంటివారే. అయినను అచటను పాత మర్యాద దిశ మార్చుకొనుచున్నది. చుట్ట మానలేని తాతలు కొందరు నేడు పెరటి చివరకు పోయి కాల్చి, నోరు పుక్కిలించి, చేతులు కడుగుకొని, పైకండువ మార్చుకొనిన పిదపగాని పసిపాపను ఎత్తుకొనరు. కొన్ని ఇండ్లలో బడినుండి వచ్చు మనుమరాలు వీధి మలుపున కనబడగానే, కాలుచున్న చుట్టను తాతగారే వెనుకకు దాచుకొనుచున్నారు.