పలాస నుంచి పొద్దున బయల్దేరితే.. పొగలు కక్కే నీళ్ల దగ్గరికి! అక్కడ అగ్నిపర్వతం ఉందా? ఆ నీళ్లతో కిడ్నీ జబ్బు తగ్గుతుందా?

వేడినీటి బుగ్గలు అనగానే ఐస్‌లాండ్, జపాన్ వీడియోలే గుర్తొస్తాయి. కానీ ఉద్దానం వాళ్లకు అంత దూరం వెళ్లాల్సిన పనిలేదు. పలాస, టెక్కలి నుంచి ఒక్కరోజులో వెళ్లి రాగలిగేంత దగ్గర్లోనే అలాంటి చోటు ఉంది. అదే ఒడిశాలోని గంజాం జిల్లా తప్తపాణి. శీతాకాలం వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా నుంచి కూడా జనం వ్యాన్లు, కార్లు కట్టించుకుని అక్కడికి వెళ్తుంటారు. అసలు నేలలోంచి వేడినీళ్లు ఎలా వస్తాయి? ఆ నీళ్లకు రోగాలు పోతాయా? ఎవరు దిగొచ్చు, ఎవరు దిగకూడదు? వివరాలు ఇవీ..

ఎలా వెళ్లాలి?

పలాస నుంచి తప్తపాణికి సుమారు 125 కిలోమీటర్లు. ఎన్‌హెచ్-16 మీద మందస, సోంపేట, కంచిలి ప్రాంతాలు దాటి ఇచ్ఛాపురం దగ్గర ఒడిశాలోకి అడుగుపెట్టాలి. అక్కడి నుంచి బరంపురం, ఆ తర్వాత దిగపహండి మీదుగా పడమటి కొండల్లోకి దారి. కారులో రెండున్నర నుంచి మూడు గంటలు పట్టొచ్చు. రైల్లో అయితే పలాసలో ఎక్కి బరంపురంలో దిగి, అక్కడి నుంచి 50 కిలోమీటర్లు బస్సులోనో, టాక్సీలోనో వెళ్లాలి.

భాష గురించి కంగారు అక్కర్లేదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా బరంపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇప్పటికీ అక్కడ బజారులో తెలుగు బాగా నడుస్తుంది. కొండ ఎక్కాక మాత్రం ఒడియా తెలిసిన డ్రైవరో, గైడో ఉంటే మంచిది.

దారిలోనే సగం పాఠం

మందస, సోంపేట దగ్గర ఎడమవైపు చూస్తే మహేంద్రగిరి కొండల వరుస కనిపిస్తుంది. శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. చూడ్డానికి అగ్నిపర్వతంలా ఉన్నా అది అగ్నిపర్వతం కాదు. తూర్పు కనుమల్లోని ఈ రాళ్లను ఖోండలైట్, చార్నొకైట్ అంటారు. భూమి లోపల విపరీతమైన వేడికి, ఒత్తిడికి ఉడికి, తర్వాత పైకి తేలినవి. వయసు దాదాపు 100 కోట్ల ఏళ్లు. కొండల్లో ఉండే కోంధ్ ఆదివాసీల పేరు మీదే ఖోండలైట్‌కు ఆ పేరు వచ్చింది. టెక్కలి చుట్టుపక్కల క్వారీల్లో తీసే నీలి గ్రానైట్ కూడా ఈ పాత రాళ్ల కుటుంబానిదే.

మరి లావా రాయి చూడాలంటే? ఆంధ్రాలోనే ఉంది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, గోదావరి అవతల గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతాల్లో నల్లటి బసాల్ట్ కనిపిస్తుంది. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందటి లావా అది. ఇప్పుడు మండుతున్న అగ్నిపర్వతం దేశంలో ఒక్కటే. అది అండమాన్‌లోని బారెన్ ద్వీపంలో ఉంది.

అగ్నిపర్వతం లేకుండా నీళ్లు ఎలా కాగుతాయి?

భూమిలోకి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. మామూలు చోట్ల కూడా ప్రతి కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీలు ఎక్కువవుతుంది. కొండల మీద పడిన వాన నీరు రాళ్ల పగుళ్లలోంచి నెమ్మదిగా కిందికి దిగుతుంది. పైన నేల 27 డిగ్రీలు ఉంటే, కిలోమీటరు లోతుకు చేరేసరికి నీరు 50 డిగ్రీలు దాటుతుంది. ఇలా కాగిన నీటికి పైకి రావడానికి పెద్ద పగులు దొరికితే చాలు, పూర్తిగా చల్లారకముందే బయటికి తన్నుకొస్తుంది. అదే వేడినీటి బుగ్గ.

అంటే ఇక్కడ కావాల్సింది అగ్నిపర్వతం కాదు.. వాన, లోతైన పగులు, బోలెడంత టైమ్.

తప్తపాణి నీరు 40 డిగ్రీల పైనే ఉంటుంది. ఒడిశాలోనే అత్రి, దేవుళఝరి బుగ్గల నీళ్లు ఇంతకంటే వేడి. దగ్గరికి వెళ్లగానే కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది. నీటిలోని గంధకం వల్ల తయారయ్యే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుదే ఆ వాసన.

తెలంగాణలోనూ ఇలాంటి నీళ్లున్నాయి. మణుగూరు ప్రాంతంలో బోరుబావుల నుంచి వేడినీరు ఉబికి వస్తుంది. ఆ వేడితో 20 కిలోవాట్ల కరెంటు తీసే చిన్న ప్లాంటును సింగరేణి ప్రయోగాత్మకంగా చేపట్టింది.

అక్కడ ఏం చూడొచ్చు?

అడవి మధ్యలో బుగ్గ ఉంటుంది. పక్కనే స్థానికులు కొలిచే కంధుణీ దేవి గుడి. నీరు పుట్టే చోటును పూజిస్తారు కాబట్టి అందులో దిగకూడదు. స్నానానికి వేరే కొలను ఉంది, నీటిని అక్కడికి మళ్లించారు. ఒడిశా పర్యాటక సంస్థ వారి పాంథనివాస్ కూడా అక్కడే ఉంది.

టైమ్ ఉంటే ఇంకో గంట ముందుకెళ్తే చంద్రగిరి వస్తుంది. 1960లలో టిబెట్ శరణార్థులు స్థిరపడిన ఊళ్లు ఇవి. జిరంగ్‌లోని పెద్ద బౌద్ధారామాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. చీకటి పడకముందే ఘాట్ దిగేలా ప్లాన్ చేసుకోవాలి.

ఆ నీళ్లకు రోగాలు పోతాయా?

ఉద్దానం వాళ్లకు అసలు ముఖ్యమైన ప్రశ్న ఇదే. గంధకం నీళ్లలో మునిగితే చర్మరోగాలు పోతాయని చాలామంది నమ్మకం. వేడినీటి వల్ల కీళ్లు, కండరాల నొప్పులకు కాసేపు ఉపశమనం దొరికే మాట నిజమే. కానీ కిడ్నీ జబ్బు నయమవుతుందనడానికి మాత్రం ఎలాంటి ఆధారం లేదు.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఇంటింటికీ కిడ్నీ బాధ తెలుసు. కారణం ఇదీ అని ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. కాబట్టే "ఆ నీళ్లు తాగితే తగ్గిపోతుందట" అని ఎవరైనా అంటే ఆశ పుడుతుంది. అక్కడే జాగ్రత్త పడాలి. బుగ్గ నీరు తాగే నీరు కాదు. లోతు రాళ్లలో తిరిగి వచ్చిన ఆ నీటిలో ఖనిజ లవణాలు ఎక్కువగా ఉండొచ్చు. బలహీనపడిన కిడ్నీలకు అది అదనపు భారం. సీసాల్లో పట్టుకొచ్చి ఇంట్లో వాళ్లకు తాగించొద్దు. తప్తపాణి కోసం డయాలసిస్ ఒక్క రోజు కూడా వాయిదా వేయొద్దు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అనుమానం ఉంటే ముందు వెళ్లాల్సింది అక్కడికే.

ఎవరు దిగకూడదు?

* డయాలసిస్ కోసం మెడ దగ్గరో, ఛాతీ మీదో గొట్టం ఉన్నవాళ్లు అస్సలు మునగకూడదు. ఇన్‌ఫెక్షన్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది.
* బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగాలి. వేడికి బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరగొచ్చు.
* షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలీదు. ముందు మోచేతితో వేడి చూసుకోవాలి.
* గర్భిణులు, చిన్నపిల్లలు వేడి కొలనుకు దూరంగా ఉండాలి.
* తల ముంచొద్దు. వేడినీళ్లలో బతికే నెగ్లేరియా అనే అమీబా ముక్కులోంచి మెదడుకు చేరే ప్రమాదం ఉంది. ఇది చాలా అరుదు, కానీ ప్రాణాంతకం.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లయినా పది, పదిహేను నిమిషాలకు మించి నీళ్లలో ఉండొద్దు. బయటికి వచ్చాక మంచినీళ్లు తాగాలి. అందుకే పలాస నుంచి బయల్దేరేటప్పుడే తాగునీటి క్యాన్ బండిలో పెట్టుకోండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడానికి అనువైన కాలం.