ఎడమచేతి వాటాన్ని మార్చనేల?

అక్షరాభ్యాసం నాడు పెద్దలు చిన్నారి కుడిచేతిని పట్టుకుని బియ్యంలో అక్షరాలు దిద్దిస్తారు. ఆ తర్వాత బడిలో అదే చిన్నారి బలపాన్ని ఎడమచేతితో అందుకుంటే ఇంట కలవరం మొదలవుతుంది. ‘పుర్రచేయి’ అని గేలి చేయడం, వేళ్లపై కొట్టి కుడిచేతికి మార్పించడం ఎన్నో కుటుంబాలకు తెలిసిన విషయమే. అయితే చేతివాటం కేవలం అలవాటు కాదు. దాని మూలాలు మెదడు, నాడీవ్యవస్థలలోనే ఉన్నాయి. ప్రపంచ జనాభాలో సుమారు పది మందిలో ఒకరు ఎడమచేతి వాటం వారే.

కుడికి ఎడమ.. ఎడమకు కుడి

మస్తిష్కం రెండు అర్ధగోళాలుగా ఉంటుంది. అక్కడి నుంచి కండరాలకు ఆదేశాలు తీసుకువెళ్లే నాడీతంతువులలో అత్యధికం మజ్జాముఖం వద్ద ఒకదానినొకటి దాటి రెండో పక్కకు చేరుతాయి. అందువల్ల కుడిచేతిని ఎడమ అర్ధగోళం, ఎడమచేతిని కుడి అర్ధగోళం నియంత్రిస్తాయి. మెదడు ఎడమభాగంలో రక్తప్రసరణ నిలిచిపోతే శరీరం కుడిపక్కకు పక్షవాతం రావడానికి కారణం ఇదే. అటువంటి రోగులలో పలువురికి మాట కూడా పడిపోతుంది.

మాటకు నెలవు ఎక్కడ?

ఈ సంబంధాన్ని ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా వెలుగులోకి తెచ్చారు. మాట కోల్పోయి మరణించిన ఒక రోగి మెదడును 1861లో పరీక్షించిన ఆయన, ఎడమ అర్ధగోళం ముందుభాగం దెబ్బతిన్నట్లు గుర్తించారు. కుడిచేతి వాటం వారిలో సుమారు 95 శాతం మందికి భాషా కేంద్రాలు ఎడమవైపే ఉంటాయి. ఎడమచేతి వాటం వారిలో ఇది తారుమారై ఉంటుందన్న భావన చాలాకాలం కొనసాగింది. వాస్తవానికి వారిలోనూ సుమారు 70 శాతం మందికి భాష ఎడమవైపే ఉంటుంది. మిగిలిన వారిలో కొందరికి కుడివైపు, మరికొందరికి రెండువైపులా ఉంటుంది.

ఎడమచేతి వాటం వారు ‘కుడిమెదడు మనుషులు’, పుట్టుకతోనే కళాకారులన్న ప్రచారానికీ ఆధారం లేదు. సుమారు 20 కోట్ల తంతువుల వంతెన అయిన కార్పస్ కల్లోసం ద్వారా రెండు అర్ధగోళాలు నిరంతరం కలిసి పనిచేస్తాయి.

గర్భంలోనే సూచనలు

ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ పరిశోధకులు గర్భస్థ శిశువులు ఏ బొటనవేలు చప్పరిస్తున్నారో స్కానింగ్‌లో గమనించి, వారు పెరిగాక మళ్లీ పరిశీలించారు. 2005లో ఫలితాలు వెలువడ్డాయి. గర్భంలో కుడి బొటనవేలు చప్పరించిన 60 మందీ కుడిచేతి వాటం వారే అయ్యారు. ఎడమ వేలు చప్పరించిన 15 మందిలో పది మందికి ఎడమచేతి వాటం వచ్చింది. చేతివాటంలో జన్యువుల పాత్ర దాదాపు నాలుగో వంతని కవలలపై జరిపిన అధ్యయనాలు తెలుపుతున్నాయి.

చేయి మారినా మెదడు మారదు

బాల్యంలో బలవంతంగా కుడిచేతికి మార్చబడిన పెద్దలు రాస్తున్నప్పుడు వారి మెదడును పెట్ స్కాన్‌తో పరిశీలించిన అధ్యయనం 2002లో ప్రచురితమైంది. దశాబ్దాలుగా కుడిచేత్తో రాస్తున్నా, ఎడమచేతి వాటానికి సంబంధించిన కుడి అర్ధగోళ చలనం వారిలో పూర్తిగా అణగిపోలేదని తేలింది.

అన్ని పనులకూ ఒకే చేయి వాడాలన్న నియమమూ లేదు. సచిన్ టెండూల్కర్ బ్యాటింగ్, బౌలింగ్ కుడిచేత్తోనే చేసినా, రాసేది ఎడమచేత్తోనే.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఏం చేయాలి?

ఎడమచేత్తో రాసే విద్యార్థిని బెంచీకి ఎడమ చివర కూర్చోబెడితే పక్కవారి మోచేయి తగలదు. నోటుపుస్తకం పైభాగాన్ని కొద్దిగా కుడివైపు వంచి రాయడం నేర్పితే మణికట్టుపై ఒత్తిడి తగ్గుతుంది, సిరా చెరగదు. సాధారణ కత్తెరలు కుడిచేతికి అనువుగా తయారైనవి కాబట్టి వీరికి ఎడమచేతి కత్తెర ఇవ్వడం మేలు. అన్నింటికంటే ముఖ్యంగా, ఏ చేత్తో రాస్తున్నారని కాక ఏమి రాస్తున్నారన్నదే చూడాలి.