వల వేసే చోటు, వల వేయని చోటు

ఉత్తరాన స్వీడన్ అనే దేశం ఉంది. అది బాగా చలి దేశం. ఆ దేశానికి పడమటి సముద్రం ఒడ్డున, నార్వే సరిహద్దు దగ్గర, ఒక చిన్న రేవు పట్నం ఉంది. దాని పేరు స్ట్రోమ్‌స్టాడ్. వాళ్ల భాషలో 'స్ట్రోమ్' అంటే ప్రవాహం. 'స్టాడ్' అంటే పట్నం. ఊరి మధ్యగా ఒక చిన్న ఏరు పారి సముద్రంలో కలుస్తుంది. ఈ ప్రాంతం ఒకప్పుడు నార్వేది. 1658లో ఒక యుద్ధం తర్వాత స్వీడన్ చేతికి వచ్చింది.

అక్కడ జూన్ నెలలో పగలు 18 గంటలు ఉంటుంది. డిసెంబరులో మాత్రం 6 గంటలే. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోతుంది.

రేవులో పడవ ఎక్కితే గంట లోపే కోస్టర్ దీవులు వస్తాయి. ఉత్తర కోస్టర్, దక్షిణ కోస్టర్ అని రెండు దీవులు. నడుమ ఒక సన్నని పాయ. స్వీడన్‌లో మనుషులు కాపురం ఉండే ఊళ్లలో అన్నిటికన్నా పడమరగా ఉన్నవి ఇవే. ఇక్కడ ఏడాది పొడుగునా ఉండేది సుమారు 300 మంది. ఎండాకాలంలో వేలమంది చూడటానికి వస్తారు. దీవుల మీద కార్లు తిరగనివ్వరు. జనం నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. సామాను మోయటానికి తొట్టి బిగించిన మోపెడ్లు వాడతారు.

దీవులకూ ఒడ్డుకూ నడుమ సముద్రం చాలా లోతు. కొన్నిచోట్ల 200 మీటర్లకు పైనే. ఇరవై మీటర్ల కొబ్బరిచెట్లు పది ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయి. ఏటి నీళ్లు కలవటం వల్ల పైన నీళ్లలో ఉప్పు తక్కువ. ఉప్పు నీరు బరువు కదా, అది అడుగుకు చేరుతుంది. మహాసముద్రం నుంచి వచ్చే ఆ చల్లని ఉప్పు నీళ్లలో 6,000కు పైగా రకాల జీవులు, మొక్కలు బతుకుతున్నాయి. వాటిలో సుమారు 200 రకాలు స్వీడన్‌లో మరెక్కడా కనిపించవు.

అందులో పగడాలు ఉన్నాయి. పగడం రాయి కాదు. చిన్న చిన్న ప్రాణులు గుంపుగా కట్టుకునే గూడు. వెచ్చని సముద్రాల్లో చాలా పగడాలకు ఎండ కావాలి. కోస్టర్ పగడాలు ఎండ చేరని చీకట్లో, చలిలో పెరుగుతాయి. నీళ్లలో కొట్టుకొచ్చే తిండిని పట్టుకుని తింటాయి. ఏడాదికి అంగుళం కూడా ఎదగవు. అందుకే ఒకసారి విరిగితే మళ్లీ పెరగటానికి తరాలు పడుతుంది.

ఇక్కడి జాలరులకు రొయ్యలే ఆధారం. రొయ్యల కోసం పడవ వెనక వలను అడుగంటా ఈడ్చుకుపోతారు. దీన్ని ట్రాల్ వల అంటారు. అది పగడాలకు తగిలితే అవి విరిగిపోతాయి. 1990ల చివర్లో ఇక్కడ వల వేయటం ఆపాలన్న మాట వచ్చింది. జాలరుల గుండెల్లో రాయి పడింది. వల ఆగితే పొయ్యి ఎలా వెలుగుతుంది?

జాలరులు, శాస్త్రవేత్తలు, అధికారులు కలిసి కూర్చున్నారు. సముద్రం అడుగున ఏముందో శాస్త్రవేత్తలు చెప్పారు. రొయ్యలు ఎక్కడ దొరుకుతాయో జాలరులు చెప్పారు. 2000లో ఒప్పందం కుదిరింది. 60 మీటర్ల కన్నా తక్కువ లోతులో ట్రాల్ వల వేయరు. పగడాలున్న చోట వేయరు. బరువైన వలలు వాడరు. మిగిలిన చోట రొయ్యలు పట్టుకోవచ్చు. జాలరులు సముద్ర జీవుల గురించి పాఠాలు కూడా నేర్చుకున్నారు.

వలలో కమ్ముల చట్రం పెట్టారు. కమ్ముల సందుల్లోంచి రొయ్యలు వల చివరికి పోతాయి. పెద్ద చేపలు వేరే దారిన బయటపడతాయి.

ఈ రొయ్యలది ఒక వింత. పుట్టినప్పుడు అవి మగవి. కొన్నేళ్లకు పెద్దవై ఆడవిగా మారతాయి. గుడ్లను కడుపు కింద అంటించుకుని నెలల తరబడి మోస్తాయి. అంటే పెద్ద రొయ్యలన్నీ తల్లులే. అన్నిటినీ పట్టేస్తే పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయి? డెక్కలున్న పెద్ద రొయ్య, లాబ్‌స్టర్ విషయంలో కట్టుబాటు ఇంకా గట్టిది. గుడ్లున్న తల్లి బోనులో పడితే తిరిగి నీళ్లలో వదలాల్సిందే.

2009 సెప్టెంబరు 9న ఈ సముద్రాన్ని జాతీయ పార్కుగా ప్రారంభించారు. స్వీడన్‌లో సముద్రానికి అలాంటి పార్కు ఇదే మొదటిది. అదే రోజు పక్కనే నార్వే తన వైపు సముద్రాన్ని కూడా పార్కు చేసింది. చేపకు సరిహద్దు తెలియదు కదా!

అయినా ముందే విరిగిన పగడాలు వెంటనే తిరిగి రాలేదు. వాటిని మళ్లీ పెంచటానికి 2019లో ఒక పథకం మొదలైంది. పగడాలు అతుక్కుని పెరిగేలా సముద్రం అడుగున కృత్రిమ దిబ్బలు దింపారు. విరగ్గొట్టటానికి ఒక్క వల చాలు. కట్టటానికి ఎన్నో ఏళ్లు కావాలి. ఆ సంగతి తెలిసి, కోస్టర్ జాలరులు ఇప్పుడు వల వేసే చోటు, వేయని చోటు చూసుకుని మరీ వేటకు వెళ్తున్నారు.