బావ కారులో లాప్లాస్ సవరణ

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో మా బావ మక్కలమ్మిన పైసలతో పన్నెండంగుళాల సబ్‌వూఫర్ ఒకటి, దానికో ఆంప్లిఫయర్ కొని, చింతమడకలో మా ఇంటి అరుగు మీద పెట్టాడు. "బి.ఎస్సీ. చదువుతున్నవ్ గదా బామ్మర్దీ, డబ్బా నువ్వే చెయ్యి" అన్నాడు. అక్క మాత్రం "గా పైసలతోని బోరు మోటరు బాగుచేయిస్తే ఏం పోయింది?" అని మొహం తిప్పుకుంది. మోగకపోతే ఎవరి పరువు పోతుందో వేరే చెప్పాలా!

అసలు డబ్బా ఎందుకు? స్పీకరు కాగితం ముందుకు కదిలినప్పుడు ముందరి గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకటి గాలి పలచబడుతుంది. 40 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం ఎనిమిదిన్నర మీటర్ల పైమాటే. అంత పెద్ద తరంగానికి స్పీకరు అంచు ఒక అడ్డా? ముందరి ఒత్తిడి వెనక్కి జారి, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. వెనకటి గాలిని బంధించడమే డబ్బా పని. బంధించిన గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో దీన్ని నమ్ముకునే చిన్న డబ్బాలో పెద్ద మంద్రస్వరం పలికించాడు. డబ్బా మరీ చిన్నదైతే స్ప్రింగు బిరుసెక్కుతుంది, కింది స్వరాలు దిగవు.

ఎంత డబ్బా కావాలో చెప్పే లెక్కను ఆస్ట్రేలియాలో పనిచేసిన థీల్, స్మాల్ అనే ఇద్దరు 1960, 70 దశకాల్లో స్థిరపరిచారు. మా స్పీకరు కాగితంలో సహజ పౌనఃపున్యం 30 హెర్ట్జ్, క్యూ 0.45, తుల్య ఘనపరిమాణం 50 లీటర్లు అని ఉంది. 50ని డబ్బా లీటర్లతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీసి 0.45తో గుణించాలి. జవాబు 0.7 దగ్గరుంటే స్వరం తేటగా ఉంటుంది. 33 లీటర్లకు 0.71 వచ్చింది. స్పీకరు వెనకభాగం ఆక్రమించే రెండు లీటర్లు కలిపి 35. అంటే 40, 35, 25 సెంటీమీటర్లు. చీటీ రాసి వడ్రంగికి ఇచ్చాను.

బిగించి మోగిస్తే బావ "దీనికి గొంతు పట్టినట్టుంది గదరా" అన్నాడు. నిజమే, ఒకటే బుస.

సైకిల్ ట్యూబులా డబ్బాను నీళ్లలో ముంచలేం కదా! 30 హెర్ట్జ్ స్వరం నిలకడగా మోగిస్తూ ఊదుబత్తిని అతుకుల వెంట తిప్పాను. తీగలు దూర్చిన బెజ్జం దగ్గర పొగ ఎగిరెగిరి పడింది. ఎంసీల్ పెట్టాను. బుస పోయింది, లోతు మాత్రం రాలేదు. తీగలు తారుమారయ్యాయేమోనని ఒకటిన్నర వోల్టుల సెల్లు తగిలించి చూశాను. ధనధ్రువం సరిగా ఉంటే కాగితం ముందుకు రావాలి, వచ్చింది. చివరికి టేపు పట్టుకుని డబ్బా లోపల కొలిస్తే తెలిసింది తప్పెవరిదో. నా చీటీలోవి లోపలి కొలతలని రాయనే లేదు. ప్లైవుడ్ మందం 18 మిల్లీమీటర్లు, ప్రతి కొలతలోనూ 3.6 సెంటీమీటర్లు కోత! 35 లీటర్లు 24.5 అయ్యాయి, స్పీకరు పోను 22.5. క్యూ 0.81కి, అనునాదం 48 నుంచి 54 హెర్ట్జ్‌కు ఎక్కాయి.

కొత్త ప్లైవుడ్‌కు బావను పైసలడిగే ముఖం లేదు. అప్పుడు ఆదుకున్నది ఇంటర్‌లో బట్టీపట్టిన పాఠం. ధ్వని సమోష్ణోగ్రతా ప్రక్రియ అనుకుంటే, న్యూటన్ సూత్రం ప్రకారం సున్నా డిగ్రీల గాలిలో వేగం సెకనుకు 280 మీటర్లే రావాలి. కొలిస్తే 332. నొక్కుడుకు పుట్టిన వేడి బయటపడే తీరిక ఉండదనీ, అది స్థిరోష్ణక ప్రక్రియ అనీ, గాలి 1.4 రెట్లు బిరుసనీ లాప్లాస్ సవరించాడు. అయితే డబ్బాలో వదులుగా దూది కూరితే? ఆ వేడిని పోగులు పీల్చుకుంటాయి, గాలి మళ్లీ న్యూటన్ మాట వింటుంది! డబ్బా పెరిగినట్టే లెక్క. పూర్తిగా ఫలిస్తే 22.5 లీటర్లు 31 దాకా పోవాలి. చేతల్లో అంత రాదు.

అమ్మ వత్తులకు దాచిన దూది చాలలేదు. ఇంట్లో ఉన్న ఒక మెత్త విప్పి, ఏకి, స్పీకరు వెనక పాత దోమతెర ముక్క అడ్డంపెట్టి కూరాను. లోతు వచ్చింది, పూర్తిగా కాకపోయినా బావ తల ఊపేంత. బ్యాటరీ పక్కనే ఎర్రతీగకు ఫ్యూజు కూడా వేశాం. అది లేకుండా మాత్రం ఎవరూ చేయకండి, తీగ ఎక్కడైనా ఒరుసుకుంటే కారే అంటుకుంటుంది.

ఇంజను తిప్పితే సన్నగా కూత ఇంకా వస్తోంది. నేలతీగ బిగించినచోట రంగు గీకాలనుకుంటున్నా. ఈలోగా అక్క తన పెళ్లినాటి మెత్త ఏదని అడుగుతోంది.